దూరపు కొలువు

కొలువు అనగానే మన పెద్దల మనస్సులో ఒక భవనము, ఒక కుర్చీ, ఒక గడియారము, ఒక పై అధికారి మెదలుట సహజము. పది గంటలకు పోవుట, ఐదు గంటలకు మరలి వచ్చుట, ఇదియే ఉద్యోగమని కొన్ని తరములవారు నమ్మిరి. నేడు అనేకములైన తెలుగు ఇండ్లలో ఈ చిత్రము మారినది. కుమారుడో, కోడలో మేడమీది గది తలుపు వేసికొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, అర్ధరాత్రివేళ ఇంగ్లీషులో మాటలాడుచుండగా, ఇది ఉద్యోగమేనా అని తాతగారు సందేహించుట మనమెరుగుదుము. ఆ కంపెనీకి ఈ ఊర కార్యాలయము లేదు. కొన్ని కంపెనీలకు ఏ ఊరను లేదు. ఉద్యోగి యజమానిని ఎన్నడును చూచియుండడు. యజమానియు ఉద్యోగిని చూచియుండడు. చూడని మనిషిని నమ్మి పని ఎట్లు ఇచ్చుచున్నారు? చూడని యజమానిని నమ్మి వీరెట్లు చేయుచున్నారు? ఈ రెండు ప్రశ్నలును క్రొత్తవి కావు. చరిత్రలో వీనికి పలు సమాధానములు కలవు. వానిని క్రమముగా పరిశీలింతము.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్టణమున తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. తరువాతి కాలమున నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునందును, గోదావరి తీరమందలి ఇంజరమునందును వారి వర్తకశాలలు వెలసినవి. మాధవాయపాలెమను పేరే తెల్లవారి నోట ‘మడపొల్లాము’గా మారి, ఒక విధమైన నూలుబట్టకు పేరై లోకమంతట వ్యాపించినది. ఆ బట్టలను నేసినవారు ఏ కర్మాగారమునకును పోలేదు. తమ ఇంట మగ్గపు గుంటలోనే కూర్చుండి నేసిరి. వారి యజమాని లండనులో నుండెను. నడుమ దళారులుండిరి. వారి చేతిమీదుగా బయానా ముట్టెడిది. నేసిన తాను వర్తకశాలకు చేరెడిది. అచ్చట దానిని మచ్చుగుడ్డతో సరిపోల్చి చూచెడివారు. నేత పలుచనైనను, నిడివి తగ్గినను వెల తగ్గించెడివారు, లేదా త్రిప్పి పంపెడివారు.

ఇందు మనము గమనింపవలసినవి రెండు కలవు. మొదటిది, మనిషిని చూడలేని యజమాని మచ్చును చూచెను. నేతగాని కులమేది, రూపమెట్టిది, మాట తీరెట్టిది అను ప్రశ్నలు లండనుకు చేరలేదు; తాను మాత్రమే చేరెను. రెండవది, ఆ బయానాయే నేతగానికి సంకెల యైనది. ముందుగా పుచ్చుకొన్న సొమ్ము తీరువరకు ఇతర వర్తకునికి నేయరాదు. పదునెనిమిదవ శతాబ్దమున కంపెనీ అధికారము పెరిగినకొలది, మగ్గములపై కాపలా పెట్టుట కూడ జరిగినది. ఇల్లు తనదే, మగ్గము తనదే, ఐనను కాలము తనది కాకపోయెను. దూరపు కొలువులోని మేలును కీడును ఆనాడే మన తీరమున కనబడినవి.

పిమ్మట ఆవిరియంత్రము వచ్చినది. యంత్రమును ఇంటింటికి పంచుట సాధ్యము కాదు గనుక మనుష్యులనే యంత్రము చెంతకు చేర్చిరి. కర్మాగారపు గంట పుట్టినది. కాగితములు, కవిలెలు, టైపుయంత్రములు ఒకచోట చేరి, గుమాస్తాలను కూడ ఒక కప్పు క్రిందికి రప్పించినవి. ఆ ఏర్పాటునే మనము సృష్ట్యాదినుండి ఉన్నట్లు భావించుచు వచ్చితిమి. దానిని ఎదిరించి నిలిచిన తొలి కంపెనీలలో ఒకదానిని స్థాపించినది ఒక స్త్రీ. ఆమె కథ సవిస్తరముగా చెప్పదగినది.

ఆమె 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయాధిపతి. యూదుడగుటచే నాజీల పాలనలో ఆయన పదవి పోయెను. 1939లో, ఐదేండ్ల ప్రాయమున, తొమ్మిదేండ్ల అక్కతో కలిసి, యూదు బాలబాలికలను కాపాడుటకై నడచిన రైలులో ఆమె ఇంగ్లండు చేరెను. పరాయి దంపతులు ఆమెను పెంచిరి. బాలికల పాఠశాలలో ఆమెకు తగిన గణితబోధ లేకపోగా, ఆ పాఠములకై బాలుర పాఠశాలకు పోవలసివచ్చెను. పదునెనిమిదవ యేట తపాలాశాఖవారి పరిశోధనాలయమున చేరి, సాయంకాలపు తరగతులలో చదివి గణితమున పట్టము పొందెను. ఆమెయే స్టెఫానీ షర్లీ. ప్రజ్ఞ యెంత యున్నను, స్త్రీయగుటచే పై మెట్లు ఎక్కుట కష్టమని ఆ ఉద్యోగములలో ఆమెకు తెలిసివచ్చెను.

1962లో ఆమె 6 పౌనుల మూలధనముతో ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అను కంపెనీని ప్రారంభించెను. కార్యాలయము ఆమె ఇంటి భోజనపు బల్ల. కంప్యూటరు లేదు. వివాహమై, పిల్లలు పుట్టి, ఉద్యోగములు వదలుకొన్న విద్యావంతులగు స్త్రీలు ఇంగ్లండు నిండ కలరని ఆమె ఎరుగును. వారికి ఇంటియొద్దనే పని యిచ్చుట ఆమె సంకల్పము. కంప్యూటరు లేనిదే ప్రోగ్రాము వ్రాయుట ఎట్లని నేటి యువకులు అడుగవచ్చును. ఆనాడు పెన్సిలును కాగితమును చాలును. చేయవలసిన పనిని ముందుగా పటములుగా గీసికొని, తరువాత యంత్రమునకు తెలియు సంకేతములలో వ్రాసి, ఆ కాగితములను తపాలాలో పంపెడివారు. వేరొకచోట వానిని చిల్లుల కార్డులపైనో, కాగితపు పట్టీపైనో ఎక్కించి, తప్పులు దొరలకుండ రెండవమారును కొట్టి సరిచూచెడివారు. అటుపిమ్మటనే అవి కంప్యూటరు కడకు పోయెడివి. కావున ఆ స్త్రీలకు కావలసినవి బుద్ధి, తీరిక, ఒక తపాలాపెట్టె, ఒక టెలిఫోను. ఆనాటికి ఇంగ్లండులో సయితము ఇంటింట టెలిఫోను లేదు. అందుచేత అభ్యర్థికి టెలిఫోను సౌకర్యము కలదా లేదా అనునది ముఖ్యవిషయ మయ్యెను.

కంపెనీల పెద్దలకు ఆమె వ్రాసిన జాబులకు మొదట బదులు రాలేదు. భర్త సలహాపై ‘స్టెఫానీ’కి బదులు ‘స్టీవ్’ అని సంతకము చేసెను. అది మగవాని పేరు. అంతట పిలుపులు వచ్చినవి. ఆమె గదిలో ప్రవేశించి కరచాలనము చేసిన పిమ్మటగాని వచ్చినది స్త్రీ అని వారికి తెలియలేదు! ఇంట పసిబిడ్డ ఏడ్పు టెలిఫోనులో వినబడకుండుటకై టైపుయంత్రపు చప్పుడును టేపుపై పట్టియుంచి, మాటలాడునపుడు వినిపించెడిది. శబ్దముతో పని చేయు మావంటి రేడియోవారికి ఈ ఉపాయము ముచ్చట గొల్పును. కాని దాని వెనుకనున్న బాధను మరువరాదు. పని చక్కగా చేయుట చాలక, తాను ఇంటినుండి చేయుచున్న సంగతిని దాచవలసివచ్చెను.

తొలి 300 మంది ఉద్యోగులలో 297 మంది స్త్రీలే. శబ్దమును మించిన వేగముతో ఎగిరిన కాంకర్డ్ విమానపు ‘నల్లపెట్టె’కు సంబంధించిన ప్రోగ్రాములను ఈ కంపెనీకి చెందిన సుమారు 30 మంది స్త్రీలు తమ తమ ఇండ్లలో కూర్చుండి వ్రాసిరి. 1975లో ఇంగ్లండున స్త్రీపురుష వివక్షను నిషేధించు చట్టము వచ్చెను. స్త్రీల మేలుకై వచ్చిన ఆ చట్టముచేతనే, స్త్రీలకై ఏర్పడిన ఈ కంపెనీ పురుషులకును తలుపులు తెరవవలసివచ్చుట ఒక విచిత్రము. కాలక్రమమున ఆమె కంపెనీలో నాలుగవ వంతును ఉద్యోగుల పరము చేసెను. వాటాల విలువ పెరిగి 70 మంది ఉద్యోగులు లక్షాధికారులైరి. అవి రూపాయలు కావు, పదేసి లక్షల పౌనులు. తరువాత ‘జాన్సా’ అను పేర పెరిగి, ఢిల్లీ చెంతనున్న నోయిడాలో కూడ శాఖను కలిగియున్న ఆ సంస్థ 2007లో వేరొక సంస్థలో కలిసిపోయెను. స్టెఫానీ షర్లీ 2025 ఆగస్టు 9వ తేదీన, 91 ఏండ్ల వయస్సున పరమపదించెను.

అమెరికాలో ఈ భావమునకు పేరు పెట్టినవాడు జాక్ నిల్లెస్ అను ఇంజనీరు. 1973లో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నుండగా, ఆయన ‘టెలికమ్యూటింగ్’ అను మాటను కల్పించెను. లాస్ ఏంజలిస్ వీధులలో గంటలకొలది కారులలో చిక్కుపడి కార్యాలయములకు పోవు జనమును చూచి, మనుష్యులను పనికడకు మోయుటకంటె పనిని తీగలమీదుగా మనుష్యులకడకు పంపుట మేలుకాదా అని ఆయన ప్రశ్నించెను. అదే యేడు చమురు కరవు వచ్చి ఆ ప్రశ్నకు బలము చేకూర్చెను. ఐనను పై అధికారులకు ఒక సందేహము తీరలేదు: కంటికి కనబడనివాడు పని చేయుచున్నాడని నమ్ముట ఎట్లు?

ఆ సందేహమునకు మన దేశము తెలియకయే ఒక సమాధానము చెప్పినది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా కంపెనీ బెంగుళూరున శాఖ తెరచి, ఉపగ్రహముద్వారా తన పనిని సముద్రములు దాటించెను. 1991లో భారత ప్రభుత్వము సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పెను. హైదరాబాదునుండి పని అమెరికా చేరు మార్గము అట్లు సుగమమయ్యెను. పని దూరముగా జరుగుట అలవాటైనది. కాని పనిచేయువారు మాత్రము పెద్ద భవనములలోనే చేరిరి. భవనమును కూడ వదలివేసిన కంపెనీలు ఈ శతాబ్దమున వచ్చినవి. వానిలో రెంటిని చూతము.

మొదటిది ఆటోమాటిక్. వర్డ్‌ప్రెస్ అను ప్రచురణ సాధనము 2003లో వెలువడెను. దాని కర్తలలో ఒకరగు మాట్ ముల్లెన్‌వెగ్ 2005లో ఈ కంపెనీని స్థాపించెను. ఉద్యోగులు పలు దేశములలో, ఎవరింట వారుండిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కార్యాలయముండెను గాని, వచ్చువారు లేకపోవుటచే 2017లో దానిని మూసివేసిరి. ఉద్యోగులను ఎన్నుకొను తీరు ఇంకను విచిత్రము. చాలకాలము ఆ కంపెనీవారు అభ్యర్థుల ముఖము చూడలేదు, గొంతు వినలేదు. వ్రాతమూలమున ప్రశ్నలడిగి, వ్రాతలోనే బదులు పుచ్చుకొనిరి. ముఖాముఖి మాటలలో నేర్పరియగువాడు పనిలో నేర్పరి కాకపోవుట తమ అనుభవమున తేలినదని ముల్లెన్‌వెగ్ 2014లో ఒక వ్యాసమున వివరించెను. అందుచేత అభ్యర్థికి నిజమైన పనినే కొన్ని వారములు అప్పగించి చూచిరి. ఆ పనికి కూలి కలదు: ఏ పదవికైనను గంటకు 25 డాలర్లు. అభ్యర్థి తన పాత ఉద్యోగమును వదలనక్కరలేదు. రాత్రులలో, సెలవు దినములలో చేయవచ్చును.

ఈ పరీక్షను ఆయన సంగీత నాటక రంగములవారి మాటతో ‘ఆడిషన్’ అని పిలిచెను. రేడియోలో ఆడిషన్ అనునది చిరపరిచితము. గాయకుని వేషభాషలను చూడక గళమునే విని తీర్పు చెప్పుట దాని ధర్మము. కనబడనివానిని న్యాయముగా తూచుటకు అదియొక్కటే త్రాసు. మచిలీపట్టణపు వర్తకశాలలోని మచ్చుగుడ్డయు అదియే. భేద మేమనగా, ఇచ్చట మచ్చుకు కూడ వెల యిచ్చిరి.

రెండవది గిట్‌ల్యాబ్. 2011లో ఉక్రెయిను దేశస్థుడగు ద్మిత్రో జపరోజెట్స్ దీనిని వ్రాయ నారంభించెను. ఆయన ఇంట కుళాయి లేదు. నీటికై ప్రతిదినము ఊరుమ్మడి బావికి పోవలసియుండెను. ఐనను నీటి కరవుకంటె తోటివారితో కలిసి ప్రోగ్రాములు వ్రాయుటకు మంచి సాధనము లేకపోవుటయే ఆయనకు పెద్ద లోటుగా తోచెనట. హాలండు దేశస్థుడగు సిడ్ సైబ్రాండీ దీనిని చూచి చేయి కలిపెను. 2021 అక్టోబరులో అమెరికా షేర్ల బజారున ఈ కంపెనీ వాటాలు అమ్మకమునకు వచ్చునాటికి, 65కు పైబడిన దేశములలో సుమారు 1,350 మంది ఉద్యోగులుండిరి. కేంద్ర కార్యాలయము లేదు.

దాని వేగము ఎట్టిదనగా, 2011 మొదలుకొని ప్రతినెల 22వ తేదీన తప్పక ఒక క్రొత్త ప్రతి వెలువడుచుండెను. 2023 చివరనుండి ఆ దినమును నెలలోని మూడవ గురువారమునకు మార్చిరి. ఒకరు పగటిలోను, మరియొకరు రాత్రిలోను ఉన్న కంపెనీ ఇంత వేగముగా నడచుట ఎట్లు? అంతయు వ్రాసిపెట్టుటచేత. సెలవు ఎట్లు పుచ్చుకొనవలెను, నిర్ణయము ఎవరు చేయవలెను మున్నగునవన్నియు రెండువేల పుటలను మించిన నియమగ్రంథమున చేర్చి, ప్రపంచమునకెల్ల కనబడునట్లు ఉంచిరి. ప్రక్క బల్లవానిని అడిగి తెలిసికొను అవకాశము లేనిచోట గ్రంథమే ప్రక్క బల్ల అయినది.

వేగమునకు వెల లేకపోలేదు. 2017 జనవరి 31వ తేదీన, బహు ప్రొద్దుపోయినవేళ చిక్కును విప్పుచున్న ఒక ఇంజనీరు పొరపాటున అసలు సమాచార భాండాగారమునే చెరిపివేసెను. దాచియుంచిన ప్రతులకై వెదుకగా, ఐదు విధములైన ఏర్పాట్లలో ఏదియు సరిగా పనిచేయుట లేదని తేలెను. అదృష్టవశమున సుమారు ఆరు గంటలముందు తీసిన ఒక ప్రతి దొరకెను. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయెను. అప్పుడు కంపెనీవారు చేసినది గమనింపదగినది. తప్పును దాచలేదు. బాగుచేయు పనిని లోకమునకు చూపుచు చేసిరి. తప్పు మనిషిది కాదు, ఏర్పాటుది అని వ్రాసి ప్రకటించిరి. చూడని యజమాని నమ్మదగినవాడా కాడా అనునది ఇట్టి రాత్రులలో తెలియును.

ఇంటినుండి చేయు పని ఎక్కువగునా, తక్కువగునా? దీనికి చీనాలో ఒక చక్కని పరీక్ష జరిగెను. సిట్రిప్ అను ప్రయాణసేవల కంపెనీ 2010 డిసెంబరునుండి తొమ్మిది నెలలపాటు దీనిని నిర్వహింపగా, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ మున్నగువారు పరిశీలించిరి. ఇష్టపడి ముందుకు వచ్చినవారిలో సరిసంఖ్య గల తేదీన పుట్టినవారిని ఇంటికి పంపి, బేసిసంఖ్యవారిని కార్యాలయమున నుంచిరి. ఇంటివారి పని నూటికి 13 పాళ్లు హెచ్చెను. ఉద్యోగము వదలిపోవువారు సగమైరి. ఇంతవరకు అందరును చెప్పుదురు. చెప్పనివి మరి రెండు కలవు. అంతే పని చేసినను ఇంటివారికి పదోన్నతులు తక్కువగా వచ్చినవి. కంటికి దూరమైనవారు తలంపునకును దూరమైరి. పరీక్ష ముగిసిన పిమ్మట, ఎంచుకొను స్వేచ్ఛ యియ్యగా, వారిలో పలువురు మరల కార్యాలయమునకే పోయిరి. ఒంటరితనము వారిని బాధించెను.

2020 మార్చి 25వ తేదీన మన దేశమంతట ఇండ్ల తలుపులు మూతపడగా, ఈ పరీక్ష కోట్ల మందికి ఒకేసారి జరిగెను. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని తెలుగు ఉద్యోగులు చాలమంది స్వగ్రామములకు చేరి, పెరటి చెట్టు క్రిందను, మిద్దెపైనను సిగ్నలు వెదకుకొనుచు పని నడిపిరి. తలిదండ్రులు బిడ్డలు చేయు పనిని తొలిసారి కన్నులార చూచిరి. అదే సమయమున, వంటయు పసిపిల్లల పోషణయు పరీక్షాపత్రములవలె ఒకేసారి మీదపడిన స్త్రీలకు ఇల్లు విశ్రాంతిస్థానము కాకపోయెను. తరువాత పలు సంస్థలు ఉద్యోగులను మరల భవనములకు పిలిచినవి. అమెజాన్ 2025 జనవరినుండి వారమునకు ఐదు దినములును రావలెనని శాసించెను. దూరపు కొలువు శాశ్వత వరమని తలంచి నగరమున అద్దె యిల్లు వదలినవారు మరల వెదకుకొనవలసివచ్చెను. కార్యాలయమే లేని కంపెనీలు మాత్రము అట్లే నిలిచినవి. ఐనను అవియు ఒడుదుడుకులకు అతీతములు కావు. ఆటోమాటిక్ 2025 ఏప్రిలులో తన ఉద్యోగులలో నూటికి 16 మందిని తొలగించెను.

నమ్మకమున్నచోట వంచనయు చేరును. 2022 జూనులో అమెరికా నేరపరిశోధకసంస్థ ఎఫ్.బి.ఐ. ఒక హెచ్చరిక చేసెను: ఇంటర్వ్యూలలో కృత్రిమముగా కల్పించిన ముఖముతోను, గొంతుతోను కొందరు ప్రత్యక్షమగుచున్నారని. ఒకరి బదులు మరియొకరు కూర్చుండి బదులు చెప్పు దురాచారము మనవారిలోను లేకపోలేదు. దీని ఫలమును నిజాయితీపరులే అనుభవింతురు. వారిని అనుమానించు పరీక్షలు పెరుగును. మరొక ప్రక్కన, కంపెనీయే బూటకమైనదియు కలదు. ఇంట కూర్చుండి వేలు సంపాదింపుమని చెప్పి, ముందుగా ‘ధరావతు’ పంపుమని అడుగుదురు. ఉద్యోగమిచ్చువాడు జీతమియ్యవలెనేగాని రొక్కమడుగరాదు. ఈ యొక్క సూత్రమును ఇంటిల్లిపాదియు గుర్తుంచుకొన్న యెడల ఎంతో సొమ్ము నిలుచును.

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి, దూరపు కొలువునకై ఇంటర్వ్యూకు కూర్చుండు మన యువతీయువకులు గ్రహింపదగినది మేము క్లుప్తముగా మనవి చేయుదుము. అచ్చట రూపము కాదు, మచ్చు ముఖ్యము. కాబట్టి చేసిన పనిని చూపగలుగునట్లు దాచుకొనవలెను. నోటిమాటకంటె వ్రాత ముఖ్యము. పొడిగా, స్పష్టముగా, ఎదుటివాడు నిద్రలేచి చదివినపుడు మరల ప్రశ్న అడుగ నక్కరలేకుండ వ్రాయుట అభ్యసింపవలెను. పరీక్ష ఏకపక్షము కాదు, అభ్యర్థియు అడుగవలెను. మచ్చుపనికి కూలి ఇత్తురా? ఏ వేళల మేలుకొని యుండవలెను? తప్పు జరిగినపుడు మీరేమి చేసితిరి? దూరముననున్నవారిలో ఎందరికి పదోన్నతి వచ్చినది? ఈ ప్రశ్నలకు తడబడు యజమాని యొద్ద బయానా పుచ్చుకొనకుండుట మేలు.

ఇంటివారికిని ఒక మాట. మూసిన తలుపు వెనుక జరుగుచున్నది పనియే. పనివేళ దానిని గౌరవించుడు. ఆ వేళ దాటిన పిమ్మట తలుపు తట్టి భోజనమునకు పిలువుడు. నాడు మాధవాయపాలెపు నేతగానికి ఇల్లు మిగిలినను ప్రొద్దు మిగులలేదు. నేటి బిడ్డలకు ఆ రెండును మిగులవలెను.